స్పీడు వచ్చింది, బరువేది? సాక్రిలెజ్ అభిమాని ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఈమధ్యే వాయించడం మొదలుపెట్టాం. ఒకరు గొంతు, ఒకరు గిటార్, ఒకరు బాస్, ఒకరు డ్రమ్స్. పంక్ బ్యాండ్ డిశ్చార్జ్, మెటల్ బ్యాండ్ స్లేయర్ రెండూ అందరికీ ఇష్టమే. ఆ రెంటికీ మధ్యలో ఉండే బ్యాండ్ కోసం వెతుకుతుంటే సాక్రిలెజ్ వాళ్ళ తొలి ఆల్బమ్ ‘బిహైండ్ ద రెల్మ్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ దొరికింది. అప్పట్నుంచి వేరేది వినబుద్ధి కావడం లేదు. మూడు సందేహాలు. ఇంత గట్టి బ్యాండ్ పేరు ఎవరి నోటా ఎందుకు వినపడదు? తర్వాతి రెండు ఆల్బమ్‌లు పంక్ కాదు, వదిలేయమంటున్నారు, నిజమేనా? ఇక అసలు బాధ: అందులోని ‘లైఫ్‌లైన్’ పాట వాయిస్తుంటే స్పీడు వస్తోంది గానీ రికార్డులో ఉన్న బరువు రావడం లేదు. డిస్టార్షన్ పెంచితే ఇంకా పలచబడుతోంది. తప్పెక్కడ?

జవాబు: ముందు ఒక జాగ్రత్త. సాక్రిలెజ్ అని వెతికితే కనీసం నాలుగు బ్యాండ్‌లు తగులుతాయి. మీరు విన్నది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బ్యాండ్. అదే దేశంలో కెంట్ ప్రాంతం నుంచి అదే పేరుతో పాతకాలపు హెవీ మెటల్ బ్యాండ్ ఇంకొకటి ఉంది. స్వీడన్‌లో తొంభైల నాటి మెలొడిక్ డెత్ మెటల్ సాక్రిలెజ్ ఉంది, అందులో డ్రమ్స్ వాయించిన డానియెల్ స్వెన్సన్ తర్వాత ఇన్ ఫ్లేమ్స్‌లో చేరాడు. అమెరికాలో సాక్రిలెజ్ బి.సి. అని పంక్, మెటల్ కలిపే క్రాసోవర్ బ్యాండ్ ఉండేది. పాటలు వినిపించే యాప్‌లు వీళ్ళందర్నీ ఒకే పేజీలో కలిపేస్తుంటాయి. అందుకని బ్యాండ్ పేరుతో కాకుండా ఆల్బమ్ పేరుతో వెతకండి. మీ బ్యాండ్ ఆల్బమ్‌లు మూడే: 1985లో ‘బిహైండ్ ద రెల్మ్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’, 1987లో ‘వితిన్ ద ప్రాఫెసీ’, 1989లో ‘టర్న్ బ్యాక్ ట్రైలోబైట్’. వీటితో పాటు డెమోలు, సంకలనాలు కొన్ని.

పేరు వినపడకపోవడానికి ఈ గందరగోళం కూడా ఒక కారణమే, కానీ పెద్ద కారణం వేరు. 1985 నాటికి ఇంగ్లండ్‌లో పంక్ వినేవాళ్ళు, మెటల్ వినేవాళ్ళు చాలావరకు రెండు వేర్వేరు గుంపులు. షాపులో అరలు వేరు, పత్రికలు వేరు, కచేరీ హాళ్ళు కూడా వేరు. సాక్రిలెజ్ పుట్టింది పంక్ వైపే. గిటారిస్ట్ డేమియన్ థాంప్సన్, డ్రమ్మర్ ఆండీ బేకర్ ఇద్దరికీ వరుకర్స్ అనే పంక్ బ్యాండ్‌తో సంబంధం ఉంది. తొలి రికార్డు వేసింది బ్రిస్టల్‌లోని చిల్డ్రన్ ఆఫ్ ద రెవల్యూషన్ అనే చిన్న పంక్ లేబుల్. అదే ఏడాది అదే లేబుల్ ఆన్‌స్లాట్ వాళ్ళ ‘పవర్ ఫ్రమ్ హెల్’ కూడా వేసింది, అది కూడా పంక్ నుంచి థ్రాష్ అనే వేగమైన మెటల్‌లోకి నడిచిన బ్యాండే. ఆన్‌స్లాట్ ఆ తర్వాత పూర్తిగా మెటల్ వైపు వెళ్ళిపోయి అక్కడ నిలబడింది. సాక్రిలెజ్ మాత్రం ప్రతి రికార్డుకీ నడక మార్చింది, 1989 తర్వాత ఆగిపోయింది. మొదటి రికార్డు నచ్చి వచ్చినవాళ్ళకు మూడోది వేరే బ్యాండ్‌లా అనిపించింది. మూడోది నచ్చేవాళ్ళకు ఈ బ్యాండ్ ఉందన్న సంగతే తెలియలేదు. అదీగాక మొదటి రికార్డు వచ్చిన మరుసటి ఏడాదే స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ వచ్చింది, వేగం గురించిన చర్చంతా అటే పోయింది.

విన్నవాళ్ళు మాత్రం ఊరకే కూర్చోలేదు. పక్కనే కవెంట్రీలో 1986లో మొదలైన బోల్ట్ త్రోయర్ తొలి పాటల్లో సాక్రిలెజ్ నీడ తేలిగ్గానే పట్టుకోవచ్చు. తర్వాత క్రస్ట్ అనీ స్టెంచ్‌కోర్ అనీ పిలిచిన, పంక్-మెటల్ కలిసిన మొత్తం సంగీతానికి పునాది రాళ్ళలో ఆ తొలి రికార్డు ఒకటి. ఇంకొకటి అమీబిక్స్ వాళ్ళ ‘అరైజ్!’, అదీ 1985దే. వాటిలో సాక్రిలెజ్‌దే మెరుగైన రికార్డు అని మా అభిప్రాయం. అమీబిక్స్‌ది వాతావరణం. సాక్రిలెజ్‌ది రిఫ్, అంటే పదేపదే తిరిగొచ్చే గిటార్ వరస.

రెండో సందేహానికి వద్దాం. వదిలేయకండి. అయితే ఒకేసారి కూర్చుని వరసగా మూడూ వినకండి, మూడోది తప్పకుండా నీరసంగా తోస్తుంది. ‘వితిన్ ద ప్రాఫెసీ’ మ్యూజిక్ ఫర్ నేషన్స్ వాళ్ళ అనుబంధ లేబుల్ అండర్ వన్ ఫ్లాగ్ మీద వచ్చింది. అది థ్రాష్ రికార్డే, పాటలు పొడవు, రిఫ్‌లు ఎక్కువ. పంక్ డ్రమ్స్ తగ్గాయన్న మాట నిజమే. దాన్ని పంక్ కొలతతో కాకుండా బ్రిటిష్ థ్రాష్ కొలతతో వినండి, ఆ ఏడాది అక్కడ వచ్చిన వాటిలో తీసిపోయేది కాదు. ‘టర్న్ బ్యాక్ ట్రైలోబైట్’ దగ్గరికొచ్చేసరికి వేగం బాగా తగ్గింది, డూమ్ మెటల్ అనొచ్చు. గాయని టామ్ అరుపు మానేసి పాడింది. ‘అవేకెన్ (సూర్యనమస్కార్)’, ‘కీ టు నిర్వాణ’ లాంటి పేర్లు చూసి మన పాఠకులు నవ్వుకోవచ్చు గానీ, నెమ్మదిగా కదిలే రిఫ్‌ని ఎంతసేపు నిలబెట్టవచ్చో నేర్చుకోవడానికి మీ గిటారిస్ట్‌కి ఆ రికార్డు పనికొస్తుంది. మీ మూడో సమస్యకు సగం మందు అందులోనే ఉంది.

రికార్డు కొనాలనుకుంటే తొలి ఆల్బమ్‌ని 2015లో రిలాప్స్ రికార్డ్స్ మళ్ళీ విడుదల చేసింది. వినడం కోసమే అయితే అది చాలు. 1985 నాటి అసలు ముద్రణ సేకరించేవాళ్ళ వస్తువు. అది కొనేటప్పుడు కవర్ చూసి మోసపోకండి. పాటలు అయిపోయాక లేబుల్ కాగితానికి ముందు ఖాళీగా మిగిలే నల్లటి వలయంలో గీకిన అంకెలూ అక్షరాలూ ఉంటాయి. వాటి ఫోటో అడిగి డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో ఆ ముద్రణ కింద రాసిన వాటితో పోల్చండి. తేడా ఉంటే అది వేరే ముద్రణో, దొంగ ముద్రణో. పాత ముద్రణనీ కొత్త రీమాస్టర్‌నీ పోల్చి వినేటప్పుడు రెంటి శబ్దం సమానంగా ఉండేలా వాల్యూమ్ సరిచేసుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే బాగుందంటుంది.

ఇక బరువు సంగతి. ఒక లెక్క చూడండి. డిశ్చార్జ్ 1982లో తెచ్చిన ‘హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్’లో అరగంట కూడా నిండకుండా 14 పాటలున్నాయి. సాక్రిలెజ్ తొలి రికార్డు నిడివి దాదాపు అంతే, పాటలు ఆరు. అంటే వీళ్ళు అదే పంక్ డ్రమ్ మీద ఒక్కో పాటకు రెట్టింపు కంటే ఎక్కువ సమయం తీసుకున్నారు. ఆ సమయంలో ఏం చేశారు? రిఫ్‌ని నిలబెట్టారు, వేగం దించారు, మళ్ళీ ఎక్కించారు. మీకు బరువుగా తోస్తున్నది ఆ దిగడం, ఎక్కడమే. మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో పోతే ఎంత డిస్టార్షన్ పోసినా చెవికి కాసేపట్లో అలవాటైపోతుంది.

కాబట్టి ఈసారి ‘లైఫ్‌లైన్’ వినేటప్పుడు గిటార్ వినకండి. ఒక కాగితం తీసుకుని డ్రమ్స్ మాత్రమే వింటూ బీట్ ఎక్కడ మారుతోందో సమయంతో సహా రాసుకోండి. రెండోసారి అదే కాగితం మీద రిఫ్ ఎక్కడ మారుతోందో రాయండి. రెండూ ప్రతిసారీ ఒకేచోట మారుతున్నాయా, ఒకే రిఫ్ కింద బీట్ మారే చోట్లున్నాయా అన్నది గుర్తుపెట్టుకోండి. మీ సొంత పాటకీ అలాంటి కాగితం తయారుచేసి పక్కపక్కన పెడితే, వాయించకముందే చాలా సంగతులు తెలుస్తాయి.

ఇప్పుడు డ్రమ్స్. డిశ్చార్జ్ తరహా పంక్ డ్రమ్ వరసని డి-బీట్ అంటారు. అది వాయిస్తున్నామనుకుంటూ చాలామంది వాయించేది డి-బీట్ కాదు. నాలుగు బీట్‌ల బార్‌ని ‘వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్’ అని ఎనిమిది భాగాలుగా లెక్కపెట్టండి. వరస ఇది: కిక్, ఖాళీ, స్నేర్, కిక్, ఖాళీ, కిక్, స్నేర్, ఖాళీ. అంటే స్నేర్ రెండు మీద, నాలుగు మీద. కిక్ ఒకటి మీద, రెండు తర్వాతి అండ్ మీద, మూడు తర్వాతి అండ్ మీద. మూడో బీట్ మీద కాలు పడకూడదు, కీలకం అదే. ఆ ఖాళీ వల్లే బీట్ ముందుకు తూలినట్టు ఉంటుంది. కంగారులో కాలు మూడు మీద పడిపోతే అది మామూలు రాక్ బీట్ అవుతుంది, వేగం పెంచితే గుర్రం దౌడు శబ్దం వస్తుంది తప్ప బరువు రాదు. కుడి చెయ్యి క్రాష్ మీదో, సగం తెరిచిన హై-హ్యాట్ మీదో బీట్‌కి ఒక్క దెబ్బ చొప్పున నాలుగే వేయాలి. ఎనిమిదీ వేయాలని చూస్తే నిమిషానికి 170 బీట్‌లు దాటాక మోచెయ్యి బిగుసుకుపోతుంది, దాంతో స్నేర్ బలహీనపడుతుంది.

మెట్రోనోమ్ 100 దగ్గర మొదలుపెట్టండి. రెండు నిమిషాలు ఆగకుండా సమంగా వచ్చాకే 5 పెంచండి. 180 దగ్గర హాయిగా వాయించగలిగితే ఈ తరహా పాటలకు చాలు. ఇంకా పైకి పోవాల్సిన పని లేదు. థ్రాష్ బీట్ వేరు: అక్కడ కిక్, స్నేర్ ఒకదాని తర్వాత ఒకటి సమానంగా పడతాయి, ఖాళీ ఉండదు. రెండూ విడివిడిగా వచ్చాక నాలుగు బార్‌లు డి-బీట్, నాలుగు బార్‌లు థ్రాష్, నాలుగు బార్‌లు హాఫ్-టైమ్ కలిపి ఒకే క్లిక్ మీద తిప్పండి. హాఫ్-టైమ్‌లో స్నేర్ మూడో బీట్ మీద ఒక్కసారే పడుతుంది. కొత్త బ్యాండ్‌లు కూలిపోయేది సరిగ్గా ఇక్కడే. వేగంగా వచ్చిన ఊపు ఒంట్లో ఉండిపోయి, నెమ్మది భాగాన్ని ముందుకు తోసేస్తారు. 180 మీద దిగాల్సింది 195 మీద దిగుతుంది, బరువు అక్కడే పోతుంది. క్లిక్‌ని బార్‌కి నాలుగుసార్లు కాకుండా ఒక్కసారే మోగేలా పెట్టి చేయండి, తొందరపాటు వెంటనే బయటపడుతుంది.

సింబల్స్ ఎంత గట్టిగా కొడుతున్నారో కూడా చూసుకోండి. చిన్న గదిలో క్రాష్ శబ్దం గిటార్ పై స్థాయిని మింగేస్తుంది. గిటారిస్ట్ వినపడక ట్రెబుల్ పెంచుతాడు, సింబల్స్‌తో ఇంకా గుద్దుకుంటుంది. చివరికి అందరూ వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. చెయ్యి తగ్గించాల్సింది సింబల్ మీద, స్నేర్ మీద కాదు. పనిలో పనిగా అందరూ చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోండి. అలసిన చెవి పై స్థాయిని సరిగ్గా పట్టలేదు, గంట గడిచాక మీరు తిప్పే నాబ్‌లన్నీ తప్పు దిక్కుకే తిరుగుతాయి.

డిస్టార్షన్ పెంచితే పలచబడటానికి కారణం ఉంది. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) ఎక్కువయ్యేకొద్దీ పిక్ తగిలిన క్షణానికీ ఆ తర్వాత మోగే శబ్దానికీ మధ్య తేడా చెరిగిపోతుంది. దెబ్బ వినపడదు, బుర్రుమనే మోత మాత్రం మిగులుతుంది. పైగా కింది స్వరాలు ఎక్కువ గెయిన్‌లోకి పోతే ముద్దవుతాయి. ఒంటరిగా గదిలో వాయించినప్పుడు అది పెద్దగా, లావుగా ఉన్నట్టే ఉంటుంది. డ్రమ్స్, బాస్ కలిసేసరికి మాయమైపోతుంది. రెండో తప్పు మిడ్, అంటే మధ్య స్థాయి శబ్దం, తగ్గించడం. గిటార్ బతికేది మిడ్‌లోనే. దాన్ని తీసేస్తే కింద బాస్, కిక్ ఉంటాయి, పైన సింబల్స్ ఉంటాయి, మధ్యలో ఖాళీ.

అన్ని నాబ్‌లూ పదికి 5 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మిడ్ 6 లేదా 7కి తీసుకెళ్ళండి. బాస్ 4 లేదా 5 దాటనివ్వకండి. ట్రెబుల్ 6. గెయిన్‌ని పూర్తిగా తగ్గించి, పామ్ మ్యూట్ చేస్తూ (అరచేతి అంచుని తీగల మీద ఆనించి వాయిస్తూ) కొద్దికొద్దిగా పెంచుతూ రండి. పిక్ తగిలిన ‘టక్’ వినపడుతూనే, వదిలిన పవర్ కార్డ్ మూడు నాలుగు సెకన్లు నిలిచేచోట ఆపండి. చాలా ఆంప్‌లలో ఇది మీరు అనుకున్నదానికంటే రెండు గీతలు తక్కువ దగ్గరే ఉంటుంది. ఇంకా బిగువు కావాలంటే ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ 7 లేదా 8, టోన్ మధ్యలో ఉంచండి. ఆ పెడల్ కింది స్వరాలను ముందే కోసి పంపుతుంది, అందుకే ఆంప్‌లో ముద్ద కట్టదు. హెచ్‌ఎం-2 లాంటి రంపపు శబ్దం పెడల్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి. తొంభైల స్వీడిష్ డెత్ మెటల్‌కి అది బాగుంటుంది, ఇక్కడ మాత్రం రిఫ్‌లోని స్వరాలన్నిటినీ ఒకే గోడగా మార్చేస్తుంది.

ట్యూనింగ్ బాగా దించితే బరువొస్తుందన్న నమ్మకం ఒకటుంది. తీగ మార్చకుండా దించితే వచ్చేది వదులు. మామూలు E స్టాండర్డ్ ట్యూనింగ్‌లోనే మొదలుపెట్టండి, 10 నుంచి 46 గేజ్ తీగలు చాలు. D దాకా దించితే 11 నుంచి 52 దగ్గరి సెట్ వేసి, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండటం) మళ్ళీ సరిచేయించండి. రికార్డుతో కలిపి వాయించేటప్పుడు మీ ట్యూనర్ సరిగ్గానే ఉన్నా స్వరం కలవకపోవచ్చు. టేప్ కాలంలో వేగం అటూ ఇటూ కావడం వల్ల పాత రికార్డులు అర స్వరం కంటే తక్కువ తేడాతో ఎక్కడో మధ్యలో నిలబడుతుంటాయి. అప్పుడు ట్యూనర్ పక్కనపెట్టి చెవితో కలపండి.

కుడి చెయ్యి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ బ్యాండ్‌లో డ్రమ్స్ పంక్, కుడి చెయ్యి మెటల్. మీ గిటారిస్ట్ రెండూ పంక్‌లా వాయిస్తున్నాడేమో చూడండి. అరచేతి అంచు సరిగ్గా బ్రిడ్జి మీద, తీగ బ్రిడ్జిని వదిలే చోట ఆనాలి. ముందుకు జరిగితే స్వరం చచ్చిపోయి చెక్క చప్పుడు వస్తుంది, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. వెనక్కి పోతే మ్యూట్ కాదు. పిక్ 1 మిల్లీమీటర్ కంటే మందంగా ఉండాలి, పల్చటి పిక్ తీగ మీద వంగి దెబ్బని ఆలస్యం చేస్తుంది. 180 మీద అర బీట్ స్వరాలంటే సెకనుకు ఆరు. వీటిని పూర్తిగా డౌన్‌పికింగ్‌తో, అంటే కిందికే కొడుతూ, వాయించడం సాధ్యమే, ఆ ఒకే దిక్కు దెబ్బల్లోనే బరువుంది. పావు బీట్ స్వరాలైతే సెకనుకు పన్నెండు, అక్కడ కిందకీ పైకీ రెండు వైపులా కొట్టక తప్పదు. కదలిక మణికట్టు నుంచి రావాలి. మోచేయి బిగుసుకుంటే అక్కడే ఆపి విశ్రాంతి ఇవ్వండి. నొప్పిలో సాధన చేస్తే వేగం పెరగదు, టెండన్ వాపు మాత్రం వస్తుంది.

మ్యూట్ చేసిన స్వరం ఎంత పొట్టిగా ఉంటే ఆ తర్వాత వదిలిన కార్డ్ అంత పెద్దగా వినపడుతుంది. ఎడమ చెయ్యి పని ఇక్కడే. స్వరం అయిపోగానే వేలిని తీగ మీంచి ఎత్తకుండా పట్టు మాత్రం వదిలితే నిశ్శబ్దం వస్తుంది. రిఫ్ ఆగిన చోట నలుగురూ ఒకేసారి ఆగాలి. ఆ నిశ్శబ్దం అర బీటే కావచ్చు, కానీ బాస్ ఒక్కటి మోగుతూ ఉండిపోతే దెబ్బ పోతుంది. చిన్న శబ్దాల్ని ఆపేసే నాయిస్ గేట్ పెడల్ దీనికి సాయం చేస్తుంది గానీ చేతికి బదులు కాదు. మరీ బిగించి పెడితే నెమ్మది భాగాల్లో మోగాల్సిన కార్డ్‌లను మధ్యలో నరికేస్తుంది.

మీది సాక్రిలెజ్ తొలి రికార్డు వరసే: టామ్ గొంతు, డేమియన్ గిటార్, టోనీ మే బాస్, ఆండీ బేకర్ డ్రమ్స్. స్టూడియోలో గిటార్‌ని ఒకటి కంటే ఎక్కువసార్లు రికార్డ్ చేయొచ్చు, స్టేజి మీద ఒక్కటే ఉంటుంది. రెండో గిటార్ పని బాస్ చేయాలి. పిక్‌తో, బ్రిడ్జి దగ్గరగా వాయించి, కాస్త డిస్టార్షన్ కలపండి. అయితే మొత్తం శబ్దాన్ని డిస్టార్షన్‌లోకి పంపితే కింది భాగం పోతుంది. బ్లెండ్ నాబ్ ఉన్న పెడల్ వాడి, సగం శుభ్రమైన శబ్దాన్నీ సగం డిస్టార్షన్‌నీ కలిపి పంపండి. గిటార్ రిఫ్‌లోని ప్రతి స్వరాన్నీ బాస్ అనుసరించాల్సిన పని లేదు. వేగమైన భాగంలో కిక్ పడేచోట మూల స్వరాన్ని గట్టిగా పట్టుకుంటే చాలు.

ఇంట్లో రికార్డ్ చేస్తే గిటార్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెట్టండి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, శబ్దం కాస్త పెరిగి మధ్యలోనే ఉంటుంది. ప్రతి టేక్‌కీ గెయిన్ ఇంకొంచెం తగ్గించండి, రెండు గిటార్ల డిస్టార్షన్ కలిసినప్పుడు ఎలాగూ ఎక్కువవుతుంది. గిటార్ల మీద 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేస్తే బాస్‌కి చోటు దొరుకుతుంది. ఒక్క గిటార్‌నే వింటూ కోయకండి, పలచబడిందని భయపడతారు. మొత్తం మోగుతుండగా కోయండి.

గొంతు విషయంలో టామ్‌ని శ్రద్ధగా వినండి. తొలి రికార్డులో ఆమెది అరుపే, కానీ మాట తెలిసే అరుపు. కింది స్థాయి గుర్రు లేదు. గాయని ఉన్న థ్రాష్ అనగానే అదో వింతలా మాట్లాడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పట్టించుకోవాల్సింది ఆమె పదాల్ని రిఫ్ మీద ఎక్కడ వేస్తుందో అది. మీ గాయకుడో గాయనో మొదట పాటని అరవకుండా, మామూలు మాటలా, బీట్ మీద చదవాలి. అచ్చులు తెరుచుకునేచోట అరుపు తేలిక, హల్లులు గుంపుగా ఉన్నచోట గొంతు బిగుస్తుంది. అక్కడ పదం మార్చుకోవడం మేలు. బలం పొట్ట నుంచి రావాలి. గొంతులో గీసుకుపోతున్నట్టు ఉంటే ఆ రోజుకి ఆపేయండి. మైక్ తలని చేత్తో పూర్తిగా కప్పి పట్టుకునే అలవాటు మానిపించండి. చూడ్డానికి బాగుంటుంది గానీ, అలా మూస్తే మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసే గుణం పోయి ఫీడ్‌బ్యాక్ వస్తుంది, మాటలు ముద్దవుతాయి.

పాటల విషయంలో ఒక చిన్న మాట. ‘షాడో ఫ్రమ్ మోర్డోర్’, ‘ఫ్లైట్ ఆఫ్ ద నాజ్‌గుల్’ పేర్లు ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రచయిత టోల్కీన్ ప్రపంచంలోంచి వచ్చినవి. పంక్ బ్యాండ్ అంటే యుద్ధం, అణుబాంబు గురించే రాయాలన్న రోజుల్లో వీళ్ళు రాక్షస కథల్లోకి వెళ్ళారు. మీరూ మొహమాటపడక్కర్లేదు.

ఇంకా వినాలంటే దగ్గరి చుట్టాలు ఉన్నారు. డిశ్చార్జ్‌లోంచి బయటికొచ్చిన గిటారిస్ట్ బోన్స్ పెట్టిన బ్రోకెన్ బోన్స్, ఇంగ్లిష్ డాగ్స్ వాళ్ళ ‘ఫార్వర్డ్ ఇన్‌టు బ్యాటిల్’, కాంక్రీట్ సాక్స్ వాళ్ళ ‘యువర్ టర్న్ నెక్స్ట్’. క్రస్ట్ వైపు వెళ్ళాలంటే హెల్‌బాస్టర్డ్, డీవియేటెడ్ ఇన్‌స్టింక్ట్, యాక్స్‌గ్రైండర్. క్రస్ట్ అన్న పేరు హెల్‌బాస్టర్డ్ 1986 డెమో ‘రిప్పర్ క్రస్ట్’ నుంచే వ్యాపించిందంటారు. ఇలాంటి గొంతే కావాలంటే న్యూయార్క్ బ్యాండ్ నాసియా 1990లో తెచ్చిన ‘ఎక్స్‌టింక్షన్’, అమెరికాకే చెందిన డెటెంట్ 1986లో తెచ్చిన ‘రికగ్నైజ్ నో అథారిటీ’ వినండి. వీటిలో ఏదీ సాక్రిలెజ్ తొలి రికార్డుకి బదులు కాదు గానీ, బ్రోకెన్ బోన్స్‌తో మొదలుపెడితే డిశ్చార్జ్ నుంచి మీ బ్యాండ్ దాకా దారి తెలుస్తుంది.

సాధన చేసిన ప్రతిసారీ చివర్లో ఒక పాటని ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఫోన్‌ని డ్రమ్స్ ముందు పెట్టకండి. గది మూలలో కాకుండా, అందరికీ సమాన దూరంలో, ఛాతీ ఎత్తులో, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో ఆటో లెవెల్ ఉంటే ఆపేయండి, లేకపోతే మీరు దించిన ప్రతి నెమ్మది భాగాన్నీ అది మళ్ళీ పైకెత్తి సమం చేసేస్తుంది. విన్నప్పుడు డ్రమ్స్ ఒక్కటే వినపడితే గిటార్ ఆంప్ మీద చెయ్యి వేసే ముందు ఫోన్ చోటు మార్చి ఇంకోసారి వాయించండి.